గర్భసంచి జారితే చేసే పునర్నిర్మాణ సర్జరీ: ఏది బాగవుతుంది, ఏది బాగవదు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ వయసు 54. రెండూ మామూలు కాన్పులే, మొదటిదానికి ఫోర్సెప్స్ వేసి బిడ్డను తీశారు. ముట్లు ఆగి నాలుగేళ్లయింది. ఏడాదిన్నరగా కింద ఏదో ఉండలా తగులుతోంది. సాయంత్రానికి బరువుగా లాగుతోంది. మూత్రం పూర్తిగా రావాలంటే ఆ ఉండను వేలితో లోపలికి నెట్టుకోవాల్సి వస్తోంది. డాక్టర్ చూసి గర్భసంచి, మూత్రాశయం రెండూ జారాయని, రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ చేయించుకోవచ్చని చెప్పారు. గర్భసంచి తీసేస్తారా, మెష్ (వలలా అల్లిన సింథటిక్ పట్టీ) వేస్తారా, కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, భార్యాభర్తల సంబంధం మామూలుగా ఉంటుందా, మళ్లీ జారుతుందా అన్నవి మీ సందేహాలు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ రకం ఆపరేషన్లు చేస్తున్న గైనకాలజిస్టుని. మిమ్మల్ని పరీక్ష చేయలేదు కాబట్టి మీకు ఏ ఆపరేషన్ సరిపోతుందో చెప్పను, చెప్పకూడదు కూడా. అయితే ఓపీలో దొరికే పది నిమిషాల్లో ఏ డాక్టరూ పూర్తిగా చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి. వాటిని తీరిగ్గా రాస్తాను.

ముందు ఆ పెద్ద మాట సంగతి. రీకన్‌స్ట్రక్టివ్ అనగానే కొత్తగా ఏదో తయారుచేసి పెడతారని చాలామంది అనుకుంటారు. మీ విషయంలో జరిగేది అంత పెద్దది కాదు. జారిన అవయవాలను పైకి ఎత్తి, లోపల గట్టిగా ఉండే ఏదో ఒక ఆధారానికి కట్టడం, వదులైన యోని గోడలను దగ్గరకు లాగి కుట్టడం, అంతే. మూత్రం లీకవడానికి చేసే సర్జరీలు, కాన్పులో మలద్వారం దాకా చిరిగిన కండరాన్ని మళ్లీ కుట్టడం, మూత్రాశయానికి యోనికి మధ్య పడిన రంధ్రాన్ని మూయడం, పుట్టుకతోనే యోని ఏర్పడని అమ్మాయిలకు దాన్ని ఏర్పరచడం కూడా ఈ పేరు కిందికే వస్తాయి. 'వజైనల్ రిజువనేషన్' అని ప్రకటనల్లో కనిపించేది మాత్రం వేరు. అందులో వాడే లేజర్ లాంటి యంత్రాల వల్ల కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి వస్తున్నాయని మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. రెండింటినీ ఒకే గాటన కట్టేసి భయపడకండి. అలాగే ఒకదాని పేరుతో మరొకటి అమ్మేవాళ్లతో జాగ్రత్త.

ఇప్పుడు అసలు ఎందుకు జారుతుందో కొంచెం ఓపిగ్గా చదవండి. మీ మిగతా ప్రశ్నలన్నింటికీ జవాబు ఇక్కడే ఉంది. కటి అడుగున కండరాలు ఒక వెడల్పాటి పళ్లెంలా పరుచుకుని ఉంటాయి. గర్భసంచి, మూత్రాశయం, మలాశయం బరువు చాలావరకు దాని మీదే ఉంటుంది. పైనుంచి కొన్ని పట్టీలు, అంటే లిగమెంట్లు, వాటిని పట్టి ఉంచుతాయి. కాన్పులో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఆ కండరం బాగా సాగుతుంది. కొందరిలో ఎముకకు అతుక్కున్న చోటు నుంచి ఊడిపోతుంది కూడా. ఫోర్సెప్స్ వేసిన కాన్పుల్లో ఇది ఎక్కువ. అప్పటి నుంచి బరువంతా లిగమెంట్ల మీద పడుతుంది. అవి ఇరవై, ముప్పై ఏళ్లు లాక్కొస్తాయి. ఈలోగా వయసు, ముట్లు ఆగిపోవడం, మలబద్ధకం, ఏళ్ల తరబడి దగ్గు, ఒంటి బరువు అన్నీ తోడై, చివరికి ఒకరోజు స్నానం చేస్తున్నప్పుడు చేతికి ఉండ తగులుతుంది.

ఆపరేషన్‌లో మేం బాగుచేసేది లిగమెంట్లను, గోడలను. ఊడిన కండరాన్ని మళ్లీ ఎముకకు నమ్మకంగా అతికించే పద్ధతి ఇంతవరకు మా చేతిలో లేదు. అంటే ఆధారాన్ని బాగుచేస్తాం, ఆ ఆధారం ఎందుకు దెబ్బతిందో ఆ కారణాన్ని చాలావరకు అలాగే వదిలేస్తాం. 'మళ్లీ జారుతుందా' అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగానికి తర్వాత వస్తాను.

సర్జరీ కచ్చితంగా చేయించుకోవాలా? మీరు ఈ ప్రశ్న అడగలేదు, కానీ అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. కాన్పులైన ఆడవాళ్లను పరీక్ష చేసి చూస్తే దాదాపు సగం మందిలో ఎంతో కొంత జారడం కనిపిస్తుంది. దానివల్ల ఉండ తగులుతోందని చెప్పేవాళ్లు నూటికి ముగ్గురి నుంచి ఆరుగురే. మిగతావాళ్లకు అది జబ్బే కాదు. రిపోర్టులో 'స్టేజ్ 2' అని రాసి ఉందని ఆపరేషన్ చేయించుకోనక్కర్లేదు. 0 నుంచి 4 దాకా ఉండే ఆ స్టేజీల లెక్క 1996లో వచ్చింది. ఎంత కిందికి దిగిందో అది సెంటీమీటర్లలో చెబుతుంది తప్ప, మీరు ఎంత ఇబ్బంది పడుతున్నారో చెప్పదు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. వాయిదా వేస్తే ప్రాణం మీదికి వస్తుందన్న టెన్షన్ వద్దు. కొన్ని సందర్భాల్లో మాత్రం ఆగకూడదు. మూత్రం బొత్తిగా రాకపోవడం, స్కాన్‌లో కిడ్నీలు ఉబ్బి కనిపించడం, బయటికి వచ్చిన భాగం మీద పుండు పడటం, ముట్లు ఆగాక రక్తం కనిపించడం. ఈ చివరిది మీకు ఎప్పుడైనా జరిగి ఉంటే, ఎంత కొంచెమైనా సరే, డాక్టరుకు చెప్పి తీరాలి. గర్భసంచి లోపలి పొరను పరీక్షించకుండా జారడానికి ఆపరేషన్ చేయకూడదు.

సర్జరీ కాకుండా ఉన్న దారులు రెండు. ఒకటి కటి కండరాల వ్యాయామాలు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లో వీటి గురించి రాశారు కాబట్టి ఆయన పేరే నిలిచిపోయింది. తక్కువగా జారినవాళ్లకు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని కనీసం 16 వారాలు చేయమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. కరపత్రం చూసి సొంతంగా చేసేవాళ్లలో కొందరు బిగించాల్సింది పోయి కిందికి ముక్కుతుంటారు. అది మేలు కన్నా కీడే చేస్తుంది. రెండోది పెస్సరీ, అంటే యోనిలో పెట్టే సిలికాన్ రింగు. దీన్ని 'ఆపరేషన్‌కి తట్టుకోలేని ముసలివాళ్లకు పెట్టేది' అని కొట్టిపారేసేవాళ్లు మా డాక్టర్లలోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. సరైన సైజు దొరికితే అదే రోజు ఉండ కనిపించకుండా పోతుంది. కొందరు వారానికోసారి తామే తీసి, కడిగి పెట్టుకుంటారు. అలా వీలుకానివాళ్లు కొన్ని నెలలకోసారి వచ్చి మార్పించుకుంటారు. సైజు కుదరక మొదటి రింగు జారిపోవడం మామూలే, రెండోది, మూడోది ప్రయత్నించాలి. పెస్సరీ పెట్టుకుని చూడటంలో మరో లాభం ఉంది. అవయవం పైకి వెళ్తే మీ ఇబ్బందుల్లో ఏవి పోతాయో, ఏవి పోవో ముందే తెలిసిపోతుంది. నడుం నొప్పి జారడం వల్లే వస్తోందని నమ్మి ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు, రింగు పెట్టాక కూడా నొప్పి అలాగే ఉందని తెలుసుకుని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లిన సందర్భాలు నేను ఎన్నో చూశాను.

నా తొలి రోజుల్లో చేసిన ఒక తప్పు చెబుతాను. ఒకావిడకు మూత్రాశయం బాగా జారింది. చక్కగా ఎత్తి కుట్టాను. ఆరు వారాల తర్వాత పరీక్ష చేస్తే ఎక్కడా ఏమీ జారలేదు. నేను మురిసిపోతుంటే ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. ఆపరేషన్‌కి ముందు లేని లీకు కొత్తగా వచ్చింది. దగ్గినా తుమ్మినా బట్టలు తడిసిపోతున్నాయి. నిజానికి ఆ లీకు కొత్తది కాదు. మూత్రాశయం కిందికి జారినప్పుడు మూత్రనాళం మెలికపడి మూసుకుని ఉండేది, నీళ్ల పైపు మడతపడినట్టు. నేను దాన్ని తిన్నగా చేసేసరికి లోపల దాగి ఉన్న బలహీనత బయటపడింది. ఈ సంగతి అప్పటికే పుస్తకాల్లో ఉంది. నేను ఆవిడకు ముందుగా చెప్పలేదు, పరీక్ష చేసి చూడనూ లేదు. ఉండను వేలితోనో రింగుతోనో పైకి నెట్టి, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూస్తే చాలావరకు తెలిసిపోయేది.

మీరు వేలితో నెట్టుకుంటేనే మూత్రం పూర్తిగా వస్తోందని రాశారు. అందుకే మీకు ఈ పరీక్ష ముఖ్యం. లీకు ఉందని తేలితే జారడానికి చేసే ఆపరేషన్‌తో పాటే దానికీ చేయవచ్చు. లేదా ముందు ఇది చేసి, లీకు వస్తే అప్పుడు చూసుకోవచ్చు. రెండు పద్ధతులకూ సమర్థించేవాళ్లున్నారు. నా మొగ్గు రెండోదానికి. ఎందుకంటే లీకు కోసం మూత్రనాళం కింద వేసే పట్టీ, స్లింగ్ అంటారు, కొందరిలో మూత్రం సరిగా రాకుండా అడ్డుపడుతుంది. రావడానికి మీకు ఇప్పటికే ఇబ్బందిగా ఉంది. అయితే ఇది నిర్ణయించాల్సింది మీరు, మీ డాక్టర్ కలిసి.

ఇక గర్భసంచి. తీయాల్సిన అవసరం తప్పనిసరి కాదు. గర్భసంచి జారడానికి కారణం గర్భసంచి కాదు, దాన్ని పట్టుకున్న ఆధారం. గర్భసంచి తీసేసి పైభాగాన్ని దేనికీ కట్టకపోతే, కొన్నేళ్లకు ఖాళీ అయిన యోని పైభాగం అదే దారిలో కిందికి దిగొచ్చు. అందుకే మీ డాక్టర్ని 'గర్భసంచి తీస్తారా' అని కాకుండా 'పైభాగాన్ని దేనికి కడతారు' అని అడగండి. మూత్రాశయం జారిందని ముందు గోడ ఒక్కటీ కుట్టి వదిలేస్తే అది నిలవకపోవడానికి పెద్ద కారణం పైభాగాన్ని వదిలేయడమే.

కట్టే చోట్లు ముఖ్యంగా మూడు. పిరుదు లోపలివైపు గట్టిగా ఉండే సాక్రోస్పైనస్ లిగమెంట్. గర్భసంచి వెనక ఉండే యుటెరోసాక్రల్ లిగమెంట్లు. మూడోది వెన్నెముక చివరి త్రికాస్థి. మొదటి రెండూ సాధారణంగా యోని దారిలోనే చేస్తారు, పొట్ట మీద కోత ఉండదు, మీ సొంత కణజాలంతోనే పని జరుగుతుంది. మూడోది పొట్ట వైపు నుంచి, ఎక్కువగా లాపరోస్కోపీతోనో రోబోతోనో చేస్తారు. అందులో యోని పైభాగానికి, ఎముకకు మధ్య ఒక మెష్ పట్టీ వేస్తారు. అది ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ ఆపరేషన్ సమయమూ ఎక్కువ, మెష్ తాలూకు సమస్యలు కొద్దిమందిలో తర్వాత రావచ్చు. ఈ మూడింటిలో గర్భసంచి ఉంచి చేయడానికీ, తీసి చేయడానికీ వీలుంది. గర్భసంచి తీసినా అండాశయాలు తీయాలని లేదు, అది వేరే నిర్ణయం. నాలుగో దారి కూడా ఉంది, యోనిని లోపలి నుంచి కుట్టి మూసేయడం. లియాన్ లె ఫోర్ 1877లో చెప్పిన పద్ధతి. తక్కువ సమయంలో అయిపోతుంది, మళ్లీ జారడం చాలా అరుదు. కానీ ఆ తర్వాత యోని ద్వారా కలయిక ఉండదు. దాంపత్య జీవితం గురించి అడిగారు కాబట్టి అది మీకోసం కాదు.

మెష్ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే సగం గందరగోళం పోతుంది. యోని గోడలోంచి కోసి, జారడానికి మెష్ వేసే పద్ధతి ఒకటి 2000 తర్వాత బాగా వ్యాపించింది. కొందరిలో ఆ మెష్ గోడను చీల్చుకుని బయటికి వచ్చింది, తీవ్రమైన నొప్పి, కలయికలో నొప్పి మిగిలాయి. ఎఫ్‌డీఏ 2008లో మొదటిసారి హెచ్చరించింది. ఈ సమస్యలు అరుదైనవి కావని 2011లో తేల్చింది. 2019 ఏప్రిల్‌లో ఆ మెష్‌ల అమ్మకం ఆపేయమని ఆదేశించింది. బ్రిటన్‌లో 2018లో లీకుకు వేసే మెష్ స్లింగులతో సహా వాడకానికి విరామం ప్రకటించారు. ఆడవాళ్లు నొప్పి అని చెప్పినా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదని అక్కడి విచారణ నివేదిక 2020లో రాసింది. అది మా వృత్తికే సిగ్గుచేటు. అయితే పొట్ట వైపు నుంచి త్రికాస్థికి కట్టే మెష్, లీకుకు వేసే సన్నటి స్లింగ్ ఎఫ్‌డీఏ ఆదేశంలో లేవు. మూడింటికీ ముప్పు ఒకేలా ఉండదు. 'మెష్ వేస్తారా' అని అడిగితే సరిపోదు. ఏ దారిలో, ఎక్కడ, ఎందుకు వేస్తారు, అది లేకుండా చేసే వీలుందా అని అడగండి. ఏం వేశారో ఆపరేషన్ కాగితాల్లో రాయించుకుని దాచుకోండి.

ఆపరేషన్‌కి ముందు చేయాల్సిన వాటిలో నేను గట్టిగా పట్టుబట్టేవి మూడే. పొగతాగే అలవాటుంటే మానాలి, షుగర్ ఉంటే అదుపులోకి తేవాలి, మలబద్ధకం సంగతి ముందే చూసుకోవాలి. యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ చాలామంది డాక్టర్లు రాస్తారు. అది పొడిబారడాన్ని, మంటను తగ్గిస్తుంది. మళ్లీ జారకుండా మాత్రం ఆపదు. ఆ ఆశతో వాడొద్దు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పేవరకు మీరుగా ఆపకండి.

ఆపరేషన్ రోజు నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వచ్చు, పూర్తి మత్తూ ఇవ్వచ్చు. గంట నుంచి మూడు గంటలు, ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి. చివర్లో చాలామందికి మూత్రాశయంలోకి చిన్న కెమెరా పెట్టి చూస్తాం. రెండు కిడ్నీల నుంచి వచ్చే నాళాలు మా కుట్ల దగ్గరగానే పోతాయి. రెండు వైపుల నుంచీ మూత్రం చిమ్ముతూ కనిపిస్తే అవి కుట్లలో పడలేదని ధీమా. ఆ రెండు ధారలూ కనిపించేదాకా నాకు ఊపిరి ఆడదు.

మెలకువ వచ్చేసరికి మూత్రం పైపు ఉంటుంది. యోనిలో పొడవాటి గాజుగుడ్డ కుక్కి ఉండొచ్చు. మలవిసర్జనకు వెళ్లాలన్నట్టు అనిపించేది దానివల్లే, కంగారుపడకండి. మర్నాడు దాన్ని తీసేస్తారు, తీసేటప్పుడు ఒక్క నిమిషం చిరాగ్గా ఉంటుంది. తర్వాత మూత్రం సరిగా వస్తోందా లేదా అన్న పరీక్ష. పైపులోంచి 300 మిల్లీలీటర్ల దాకా నీరు నింపి, పైపు తీసేసి, మిమ్మల్ని మూత్రానికి పంపుతారు. మూడింట రెండు వంతులు బయటికి వస్తే పాసైనట్టు. రాకపోతే పైపుతోనే ఇంటికి పంపి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. అలా పైపుతో ఇంటికి వెళ్లడం ఆపరేషన్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. లోపలి వాపు తగ్గితే చాలామందికి వారంలోపే సర్దుకుంటుంది. ఇది ముందే చెప్పకపోతే ఎంత బెంగపడతారో నాకు తెలుసు కాబట్టి ప్రతి పేషెంటుకూ రెండుసార్లు చెబుతాను.

ఇంటికొచ్చాక మొదటి వారం నొప్పి కన్నా నీరసం ఎక్కువ. సాక్రోస్పైనస్ లిగమెంటుకు కట్టి ఉంటే ఒకవైపు పిరుదు లోపల, సాధారణంగా కుడివైపు, గుచ్చినట్టు నొప్పి వస్తుంది. కొన్ని వారాల్లో తగ్గుతుంది. తెల్లబట్ట, కొద్దిగా గోధుమరంగు మరకలు ఆరు వారాల దాకా ఉండొచ్చు. మధ్యలో దారపు ముక్కలు రాలిపడతాయి. కరిగే కుట్లు అవి, తీయించుకోనక్కర్లేదు. రెండు, మూడు వారాలప్పుడు కుట్లు కరుగుతూ మరక కొంచెం పెరిగి భయపెడుతుంది, అదీ మామూలే. లేచి నడవడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మలం మెత్తబడే మందు మానకండి. మొదటిసారి వెళ్లేటప్పుడు కుట్లు ఊడిపోతాయని అందరూ భయపడతారు. ఊడవు, కానీ ముక్కొద్దు.

బరువులెత్తడం మీద మా డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మూడు నెలల దాకా ఏదీ ముట్టుకోవద్దని ఒకప్పుడు అందరం చెప్పేవాళ్లం. ఓపికను బట్టి మామూలు పనులు చేసుకోనిచ్చినా ఫలితం ఏమీ తగ్గలేదని ఈమధ్య పరిశోధనలు చూపించాయి. నేను ఇప్పుడు ఆరు వారాలు బరువైనవి వద్దు, తేలికపాటి ఇంటి పనులు పర్వాలేదు అని చెబుతున్నాను. మీ డాక్టర్ వేరేలా చెబితే ఆయన మాటే వినండి, లోపల ఏ కుట్టు ఎక్కడ వేశారో ఆయనకే తెలుసు. కూర్చుని చేసే ఉద్యోగమైతే మూడు, నాలుగు వారాలకు వెళ్లొచ్చు. నిలబడి చేసేదైతే ఆరు దాటనివ్వండి.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, గంటలోపు ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, మూత్రం ఆగిపోయినా, పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఒకటి రెండు వారాల తర్వాత యోనిలోంచి నీళ్లలా నిరంతరం కారుతుంటే అది తెల్లబట్ట అని సరిపెట్టుకోవద్దు. మూత్రాశయానికో కిడ్నీ నుంచి వచ్చే నాళానికో రంధ్రం పడి ఉండొచ్చు. అరుదే, కానీ త్వరగా పట్టుకుంటే బాగుచేయడం తేలిక.

ఆ రంధ్రాన్నే ఫిస్టులా అంటారు. రోజుల తరబడి సాగిన కాన్పుల వల్ల పడే ఫిస్టులాలకు 1840లలో అమెరికాలో మారియన్ సిమ్స్ అనే డాక్టర్ నమ్మకంగా పనిచేసే సర్జరీ పద్ధతిని రూపొందించాడు. బానిసలుగా ఉన్న అనార్కా, లూసీ, బెట్సీ లాంటి ఆడవాళ్ల మీద, మత్తు ఇవ్వకుండా, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేసి నేర్చుకున్నాడు. కాదనే హక్కు వాళ్లకు లేదు. మా విభాగం పునాది అక్కడ పడింది. అందుకే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించడాన్ని నేను గుమస్తా పనిగా చూడలేను. చదవకుండా పెట్టొద్దు, అర్థం కానిది అడగండి.

దాంపత్య జీవితం గురించి. ఆరు వారాలు కలయిక వద్దు, తర్వాత డాక్టర్ పరీక్ష చేసి సరే అన్నాకే. ఎక్కువమందికి ముందుకంటే బాగుంటుంది, లేదా అంతే ఉంటుంది. ఉండ అడ్డు, ఆ సిగ్గు పోతాయి కాబట్టి. కొద్దిమందికి కొత్తగా నొప్పి వస్తుంది, ముఖ్యంగా వెనక గోడ మరీ బిగుతుగా కుట్టినప్పుడు. మీకు అది ముఖ్యమైతే ఆపరేషన్‌కి ముందే నోరు తెరిచి చెప్పాలి. యాభై దాటారు కదా, ఇంకేం అవసరంలే అని డాక్టర్ తనే అనుకుని గోడ బిగించేయడం నేను చూశాను. మొదట్లో భయం, బిగుసుకుపోవడం సహజం. జెల్ వాడండి, తొందరపడకండి. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే చెప్పండి, చేయగలిగినవి ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ జారే ప్రశ్నలో మిగిలిన సగం. అమెరికాలో 374 మందితో మొదలైన ఒక పెద్ద పరిశోధన ఇందాక చెప్పిన రెండు లిగమెంట్ల పద్ధతులను పోల్చింది. దాని ఐదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. కొలతల్లో మళ్లీ దిగినా, ఉండ తగిలినా, మళ్లీ చికిత్స తీసుకున్నా విఫలమైనట్టే అని లెక్క కడితే, రెండు పద్ధతుల్లోనూ 60 శాతం పైగా విఫలం. ఈ అంకె చూసి గుండె ఆగుతుంది కదా. కానీ అదే ఐదేళ్లలో మళ్లీ చికిత్స కావాలన్నవాళ్లు 10 శాతం చుట్టూనే ఉన్నారు. సగటున ఆ ఆడవాళ్ల ఇబ్బందులు ఆపరేషన్‌కి ముందుకన్నా బాగా తగ్గి, తగ్గినట్టే ఉన్నాయి. కొలబద్దతో చూసేవాడికి ఓటమి, మనిషికి ఉపశమనం. కాబట్టి 'సక్సెస్ ఎంత శాతం' అని అడిగినప్పుడు ఏది సక్సెస్ అనే లెక్క మీదే కావాలి. మీకు వేలితో నెట్టుకోకుండా మూత్రం రావాలా, సాయంత్రం బరువు పోవాలా, నడుం నొప్పి పోవాలా? మొదటి రెండింటికీ ఈ సర్జరీలో మంచి అవకాశం ఉంది. మూడోదానికి నేను మాట ఇవ్వను.

మీ ప్రశ్న కింద ఇంకొకరు, తన పదిహేడేళ్ల కూతురికి పుట్టుకతో గర్భసంచి, యోని ఏర్పడలేదని, వెంటనే ఆపరేషన్ చేయించాలా అని అడిగారు. తొందర వద్దు. సుమారు 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. డైలేటర్లు అనే సాధనాలతో, సొంతంగా, యోని ఉండాల్సిన చోటును నెలల తరబడి మెల్లగా వ్యాకోచింపజేయడమే మొదటి చికిత్స. సరిగా నేర్పిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆపరేషన్ లేకుండానే సరిపోతుంది. అది ఎప్పుడు మొదలుపెట్టాలో తల్లిదండ్రులు కాదు, ఆ అమ్మాయే చెప్పాలి.

మీకు మళ్లీ అపాయింట్‌మెంట్ మూడు వారాల్లో ఉందన్నారు. ఈలోగా మూడు రోజులు ఎంత తాగారో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో, ఎప్పుడైనా లీకయిందా అన్నది ఒక కాగితం మీద రాయండి. ఫోర్సెప్స్ సంగతి కూడా అందులో రాయండి, చాలామంది డాక్టర్లు అడగరు. ఉదయం కాకుండా సాయంత్రం అపాయింట్‌మెంట్ దొరికితే తీసుకోండి, అప్పటికి పూర్తిగా దిగి ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. పడుకుని పరీక్షిస్తే ఏమీ లేదన్నట్టు ఉంటే నిలబెట్టి చూడమని అడగండి. రింగు పెట్టి చూశారా అని కూడా అడగండి. ఆయన ఏ ఆపరేషన్ చెప్పారో తెలిశాక కావాలంటే మళ్లీ రాయండి, దాని గురించి విడిగా చెబుతాను.